క్షమాపణా, క్రయధనమా? – క్రైస్తవ రక్షణ సిద్ధాంతంపై ఒక అనువాదకుని పరిశీలన

క్రైస్తవుల రక్షణ సిద్ధాంతాన్ని ఖండిస్తూ ఉర్దూలో వెలువడిన ఒక చిన్న పుస్తకాన్ని తెలుగు చేసి ఇమ్మని ఒక మిత్రుడు అడిగితే ఒప్పుకున్నాను. ఎనభై పుటలే కదా, నెల రోజుల పని అనుకున్నాను. మొదటి ప్రకరణంలోనే రెండు పదాలు దారికి అడ్డం వచ్చాయి. ఒకటి ‘నజాత్’, రెండవది ‘కఫ్ఫారా’. ఉర్దూ బైబిలు చదివే క్రైస్తవునికీ, ఉర్దూ చదివే ముస్లిముకూ ఇవి తెలిసిన పదాలే. ఇద్దరూ ఒకే పదం పలుకుతారు. ఒకరి మనసులో ఉన్నది వేరు, రెండవవారి మనసులో ఉన్నది వేరు. తెలుగులో ఆ పదసామ్యం కూడా లేదు. ఇక్కడ క్రైస్తవుల పరిభాష వారిది, మన పరిభాష మనది.

ఎలాగో చిత్తుప్రతి ముగించి, బాన్సువాడలో మా వీధిలోనే ఉండే ఒక రిటైర్డు ఉపాధ్యాయునికి ఇచ్చాను. ఆయనది మెదక్ ప్రాంతం, తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. పరిభాషలో పొరపాట్లుంటే దిద్దుతారని నా ఉద్దేశం. వారం రోజులు దగ్గర పెట్టుకున్నారు. తిరిగి ఇస్తూ, “మౌల్వీసాబ్, మీరు ఎవర్నో బాగనే ఓడగొట్టిండ్రు. గని ఆ మనిషి నేను గాదు” అన్నారు.

ఆ మాట విని నాకు కోపం రాలేదంటే అబద్ధమవుతుంది. రెండు రోజుల తరువాత ప్రతిని మళ్ళీ తెరిచి చూసుకున్నాను. ఆయన చెప్పిందే నిజం.

ఆ పుస్తకంలోని ప్రధాన ఆరోపణ ఇది: హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) రక్తాన్ని నమ్మితే చాలు, ఆ పైన ఎన్ని పాపాలు చేసినా ఫరవాలేదని క్రైస్తవం బోధిస్తుంది. ఈ వాక్యం మన సభల్లో, మన కరపత్రాల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అయితే పౌలు రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదలయ్యేదే ఈ ప్రశ్నతో. కృప విస్తరించడం కోసం పాపంలోనే నిలిచి ఉందామా అని తానే అడిగి, తానే ససేమిరా కాదంటాడు. యాకోబు పత్రిక 2వ అధ్యాయం క్రియలు లేని విశ్వాసాన్ని శవంతో పోలుస్తుంది. కనుక మనం ఖండిస్తున్నది వారి గ్రంథం ముందే ఖండించిన మాట. ఎవరైనా దివ్య ఖుర్ఆన్‌లోని 39:53 ఆయత్ ఒక్కటే తీసుకుని, అల్లాహ్ సమస్త పాపాలను క్షమిస్తాడు కనుక ముస్లిములకు ఏ పాపమైనా సమ్మతమేనని రాస్తే మనం ఊరుకుంటామా? ఆ వెంటనే వచ్చే 54వ ఆయత్ చదవలేదేమని అడగమూ? శిక్ష రాకముందే ప్రభువు వైపునకు మరలి ఆయనకు విధేయులు కమ్మని అందులోనే ఉంది కదా.

పూర్వులు ఇలా చేయలేదు. 1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో జర్మన్ మిషనరీ ఫాండర్‌తో వాదానికి దిగిన మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీ, ఆయన సహచరుడు డాక్టర్ వజీర్ ఖాన్ ముందుగా చేసిన పని ప్రత్యర్థుల గ్రంథాలను, ఐరోపా పండితుల బైబిలు విమర్శలను సంపాదించి చదవడం. వారి వాదంలో కొన్ని భాగాలతో నేడు ఎవరైనా విభేదించవచ్చు గానీ, చదవకుండా రాశారని మాత్రం అనలేరు. మనం ‘ఇజ్హారుల్ హఖ్’ పేరు చెప్పుకుంటాం. దాని వెనుక ఉన్న శ్రమను మాత్రం అనుసరించం.

సరే, ఇక పదాల సంగతి. అనువాదకుణ్ణి కనుక నాకు ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడాలని ఉంది.

తెలుగు బైబిలులో ‘పాపక్షమాపణ’ అనే సమాసం ఉంది. వాడుక తెలుగులో క్షమాపణ చెప్పుకునేది తప్పు చేసినవాడు, మన్నించేది ఎదుటివాడు. బైబిలు తెలుగులో క్షమాపణ దేవుడిచ్చేది, మనిషి పొందేది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన పిల్లవానికి ఈ తేడా తట్టదు. బయటి నుంచి చదివేవానికి మాత్రం ఒక్క క్షణం తికమక కలుగుతుంది. మన అనువాదకులు ఎక్కువగా ‘క్షమాభిక్ష’ వాడుతున్నారు. భిక్ష అన్నప్పుడు ఇచ్చేవాడు ధర అడగడు, పుచ్చుకునేవాడు ధర ఇవ్వలేడు. ఆ పదాన్ని ఎవరు ముందు వాడారో గానీ, ఇస్లామీయ భావానికి దగ్గరగానే వచ్చారు.

‘రక్షణ’ సంగతి మరొకటి. మోక్షం, ముక్తి అనే మాటలు సిద్ధంగా ఉండగా క్రైస్తవులు వాటిని ప్రధానంగా తీసుకోలేదు. మోక్షమంటే జన్మల చక్రం నుంచి విడుదల అనే అర్థం ఆ పదానికి అంటుకుని ఉంది. రక్షణ అంటే కాపాడటం. ప్రమాదంలో ఉన్నవాణ్ణి బయటికి లాగడం. ఈ మాటకు మన తెలుగునేల మీద మరో బరువు కూడా పడింది. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో వేలాది మందికి కూలి చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగుతున్నన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ తరువాత 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అత్యధికులు మాదిగలు. వారికి ‘రక్షణ’ అనే మాట వినిపించినప్పుడు అందులో పరలోకం మాత్రమే వినిపించిందనుకోను. ఊరి బయట బతికేవాణ్ణి పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టడం కూడా వినిపించి ఉంటుంది. మన కరపత్రాలు ఆదాము పాపం గురించి వాదిస్తాయే గానీ, ఈ సంగతి వైపు చూడవు. సమానత్వం గురించి గంటలు గంటలు ప్రసంగించే మనం ఆనాడు ఆ నది ఒడ్డుకు ఎందుకు చేరలేదన్నది వేరే వ్యాసానికి తగిన ప్రశ్న.

మన ‘నజాత్’ను చూద్దాం. ఖుర్ఆన్‌లో ఈ నామవాచక రూపం వచ్చేది ఒక్కచోటనే, 40:41లో. ఫిరౌను వంశంలోని విశ్వాసి తన జాతివారిని నజాత్ వైపు పిలిచే సందర్భం అది. ఖుర్ఆన్ తరచుగా వాడే మరో ధాతువు ‘ఫలాహ్’ది. రోజుకు ఐదుసార్లు అజాన్‌లో వింటున్నదీ అదే. నేలను చీల్చి దున్నడం ఆ ధాతువుకున్న అర్థాల్లో ఒకటి. అరబీలో ఫల్లాహ్ అంటే రైతు. నిజాంసాగర్ నీళ్ళతో వరి పండించే మా ప్రాంతం వారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. నీరు కాలువది, వాన ఆకాశానిది, అయినా దున్నకుండా పంట లేదు. ‘సాఫల్యం’ అని మనవాళ్ళు పెట్టుకున్న అనువాదంలో ఫలం ఉంది గానీ నాగలి కనబడదు. ఇంతకన్న మంచి మాట నాకూ దొరకలేదు.

‘కఫ్ఫారా’ దగ్గర అసలు చిక్కు. ఉర్దూ బైబిలులో ఈసా (అ) మన పాపాలకు కఫ్ఫారా. మనకు కఫ్ఫారా అనగానే స్ఫురించేది 5:89: ప్రమాణం భంగం చేసినవాడు పదిమంది పేదలకు అన్నం పెట్టాలి, లేదా బట్టలివ్వాలి, లేదా ఒక బానిసను విడిపించాలి; అందుకు స్థోమత లేకుంటే మూడు రోజులు ఉపవాసం ఉండాలి. చేసినవాడే తీర్చుకునే పని. హీబ్రూలోనూ అదే ధాతువు. ‘కిప్పూర్’ దినం దాని నుంచి వచ్చిందే. తెలుగు బైబిలు దీనికి ధర్మశాస్త్రాల నుంచి ‘ప్రాయశ్చిత్తము’ తెచ్చుకుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. విశాఖపట్నంలో తొలి లండన్ మిషనరీలకు తోడ్పడిన ఆనందరాయరు బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన క్రైస్తవుడు. వారి కృషి ఫలితంగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఖుర్ఆన్‌ను 1925లో తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు కూడా సంస్కృతాంధ్రాలు చదివిన పండితులే. కాబట్టి ఇరువురి పరిభాషా కొంతవరకు ఒకే బడిలో అక్షరాలు దిద్దుకుంది. ధర్మశాస్త్రాల ప్రాయశ్చిత్తం కూడా చేసినవాడే చేసుకోవాలి. క్రైస్తవ సిద్ధాంతంలో దాన్ని వేరొకరు చేశారు. పదం ఒక వైపు లాగుతుంది, సిద్ధాంతం మరో వైపు.

ఆ సిద్ధాంతాన్ని సూటిగా చెప్పే మాట మార్కు 10:45లో ఉంది: ‘విమోచన క్రయధనము’. క్రయధనమంటే కొనుగోలు సొమ్ము. బానిసను విడిపించడానికి చెల్లించే వెల. నా విమర్శ ఈ పదం మీదనే. అంతకుముందు ఒక్క జాగ్రత్త అవసరం. ఈసా (అ) మరణం పాపక్షమాపణను ఏ విధంగా కలిగిస్తుందన్న విషయంలో క్రైస్తవులందరిదీ ఒకే వివరణ కాదు. ఆదాము అపరాధం వారసత్వంగా వస్తుందని అగస్టీన్ గట్టిగా చెప్పాడు; తూర్పు సంఘాలు మరణం సంక్రమించిందంటాయి గానీ అపరాధం సంక్రమించిందని సాధారణంగా ఒప్పుకోవు. 11వ శతాబ్ది చివర ఆన్సెల్మ్, పాపం దేవుని గౌరవానికి కలిగించిన లోటును ఎవరో ఒకరు పూడ్చాలని తర్కించాడు. కొద్దికాలానికే అబెలార్డ్, ఆ మరణం మనిషి హృదయాన్ని ప్రేమతో కరిగించడానికేనన్నాడు. 1517లో లూథర్ తిరగబడింది పాపపు శిక్షను సొమ్ముతో తగ్గించుకునే పత్రాల మీద. గుంటూరు లూథరన్, నెల్లూరు బాప్టిస్టు, మెదక్ మెథడిస్టు – మూడు మిషన్లు మనకు ఇచ్చినవి మూడు రకాల శిక్షణలు. ‘క్రైస్తవులు ఇలా నమ్ముతారు’ అని మొదలుపెట్టే వాక్యం రాసేటప్పుడు కలం కాస్త నెమ్మదించాలి.

ఇక విమర్శ. బాన్సువాడ అంగట్లో ఒక రైతు సేటు దగ్గర అప్పు తీసుకున్నాడనుకుందాం. పంట పోయింది. సేటు ఖాతా కొట్టివేస్తే అది క్షమ. రైతు బావమరిది వచ్చి బాకీ కట్టేస్తే, రైతు బయటపడ్డాడు, నిజమే. కానీ సేటు ఎవరినీ క్షమించలేదు. తన సొమ్ము తనకు ముట్టింది. వెల పుచ్చుకున్న తరువాత క్షమ అన్న మాటకు చోటెక్కడిది? మన పుస్తకాలు ఇంతవరకు చెప్పి విజయం ప్రకటించుకుంటాయి.

మాస్టారు ఇక్కడే నన్ను ఆపారు. “బావమరిది కట్టలే మౌల్వీసాబ్. సేటే తన జేబుల నుంచి కట్టిండు. గదే మా నమ్మకం” అన్నారు. ఇది తోసిపుచ్చదగిన జవాబు కాదు. ఎవరు ఎవరిని క్షమించినా నష్టం క్షమించినవాడే భరిస్తాడన్నది మన అనుభవంలో ఉన్న సత్యం. ఖాతా కొట్టివేసిన సేటుకు పోయిన సొమ్ము పోయినట్లే. దేవుడు ఆ నష్టాన్ని తానే భరించాడనీ, శిలువ ఆ నష్టానికి గుర్తు అనీ వారంటున్నారు. మధ్యలో ఒక నిర్దోషిని పట్టుకొచ్చి శిక్షించారన్న మన ఆక్షేపణ ఈ రూపంలోని సిద్ధాంతానికి తగలదు. ఎందుకంటే వారి దృష్టిలో మూడో మనిషే లేడు. త్రిత్వాన్ని మనం ఒప్పుకోం, అది వేరే చర్చ. కానీ వారి ఒక నమ్మకాన్ని మన నమ్మకంతో కలిపి చదివి, అన్యాయం అన్యాయం అని అరవడం న్యాయం కాదు.

అయితే అసలు ప్రశ్న ఇప్పుడు బయటపడుతుంది. మనిషి పాపం చేస్తే నష్టపోయేది ఎవరు? ఆన్సెల్మ్ లెక్కలో దేవుని గౌరవానికి లోటు వచ్చింది. కనుక పూడ్చక తప్పదు. ఖుర్ఆన్ లెక్క వేరు. ఆదమ్, హవ్వా (అలైహిమస్సలాం) చేసిన దుఆ 7:23లో ఉంది. మేము నీకు నష్టం చేశామని వారనలేదు. మాకు మేమే అన్యాయం చేసుకున్నామని మొర పెట్టుకున్నారు. హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించిన హదీసె ఖుద్సీలో (సహీహ్ ముస్లిం), మొదటివాని నుంచి చివరివాని వరకు మానవులూ జిన్నులూ అందరూ పరమ దుర్మార్గుల హృదయంతో ఉన్నా తన సామ్రాజ్యంలో ఏమీ తగ్గదని అల్లాహ్ అంటాడు. ఏమీ తగ్గనివాడు పూడ్పు ఎందుకడుగుతాడు? సేటు ఉపమానం ఇక్కడ కూలిపోతుంది, వారి చేతిలోనూ, నా చేతిలోనూ. అల్లాహ్ సేటు కాడు. పాపి అప్పులవాడికన్నా, తన పొలానికి తానే నిప్పు పెట్టుకున్నవాడికి దగ్గర. అతనికి కావలసింది తిరిగి దున్నుకోవడానికి అనుమతి. ఆదమ్ (అ) పశ్చాత్తాప వచనాలను కూడా తన ప్రభువు నుంచే నేర్చుకున్నారని 2:37 చెబుతోంది.

ఇందుకు ఎదురువచ్చే ఆయత్ ఒకటుంది, దాటవేయకూడదు. 37:107లో ఇబ్రాహీం (అ) కుమారునికి బదులుగా గొప్ప బలి ఇచ్చి విడిపించామన్న చోట వాడినది ‘ఫిదా’ ధాతువే. క్రయధనానికి అది అరబీ చుట్టమే. క్రైస్తవ మిత్రులు దీన్ని ఎత్తిచూపుతారు. కానీ అక్కడ విడిపించింది పరీక్ష నుంచి, పాపం నుంచి కాదు. ఆ బాలుడు అపరాధి కాడు. ఏటేటా మనమిచ్చే ఖుర్బానీ మాంసం గానీ, రక్తం గానీ అల్లాహ్‌కు చేరవని, చేరేది తఖ్వాయేనని 22:37 స్పష్టం చేసింది.

ఇంజీలు సువార్తల్లోనూ వెల ప్రసక్తి లేని క్షమ ఉంది. లూకా 15లో తప్పిపోయిన కుమారుడు ఇంకా దూరాన ఉండగానే తండ్రి పరుగెత్తి కౌగిలించుకుంటాడు. ఎవరి రక్తమూ అడగడు. మత్తయి 18లో రాజు పదివేల తలాంతుల బాకీని ఊరకే విడిచిపెడతాడు. ఈసా (అ) నోట వచ్చిన ఈ ఉపమానాలకూ, రక్తం చిందకుండా క్షమాపణ లేదనే హెబ్రీయుల పత్రిక 9వ అధ్యాయానికీ మధ్య దూరాన్ని క్రైస్తవ పండితులే ఎంతోకాలంగా చర్చిస్తున్నారు. క్రయధనమన్న మాట మార్కులో ఉందన్నదీ నిజమే. నేను దాన్ని దాచడం లేదు. ఏ భాగం వెలుగులో ఏ భాగాన్ని చదవాలన్నది వారి ముందున్న సమస్య.

మన వైపు ఉదాహరణ ఒక్కటి చాలు. హిజ్రీ 9లో తబూక్ యాత్రకు కఅబ్ బిన్ మాలిక్ (రజి) బద్ధకించి వెనుకబడిపోయారు. సాకులు చెప్పినవారు చెప్పి వెళ్ళారు. ఆయన, మరో ఇద్దరు, నిజం ఒప్పుకున్నారు. యాభై రాత్రులు మదీనాలో ఎవరూ వారితో మాట్లాడలేదు. గస్సాన్ పాలకుడు తన దగ్గరికి రమ్మని ఉత్తరం పంపితే కఅబ్ దాన్ని పొయ్యిలో వేశారు. చివరకు క్షమ అవతరించింది. 9:118 చదివి చూడండి: వారు మరలి రావాలని అల్లాహ్ ముందు తానే వారి వైపు మరలాడు. తౌబా అంటే మరలడం. ‘పశ్చాత్తాపం’ అనే మన అనువాదంలో తరువాత పడే బాధ ఒక్కటే మిగిలింది. తెలుగు బైబిలులోని ‘మారుమనస్సు’ ఈ విషయంలో మన మాటకన్నా మెరుగు అని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఇమామ్ గజాలీ ‘ఇహ్యా’లో తౌబాకు జ్ఞానం, బాధ, ఆచరణ అని మూడు అంగాలు చెప్పారు. పశ్చాత్తాపం అందులో నడిమిది మాత్రమే.

కఅబ్ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తరువాతి సంగతి. సంతోషం పట్టలేక తన సంపదంతా దానం చేస్తానన్నారాయన. కొంత నీకు ఉంచుకో, అదే నీకు మేలని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అన్నారు. దానం క్షమకు ముందు రాలేదు, వెనుక వచ్చింది. అది వెల కాదు, కృతజ్ఞత.

ఇంతవరకు వచ్చాక మనల్ని మనం కూడా అడగాలి. వారిది విశ్వాసంతో రక్షణ, మనది కర్మలతో రక్షణ అని తేలికగా గీత గీస్తాం. మీలో ఎవరినీ అతని ఆచరణ స్వర్గానికి చేర్చదని ప్రవక్త (స) అంటే, మిమ్మల్ని కూడానా అని అనుచరులు అడిగారు. అల్లాహ్ తన కారుణ్యంతో కప్పితే తప్ప నన్ను కూడా కాదన్నారు. బుఖారీ, ముస్లిం రెంటిలోనూ ఉన్న హదీసు ఇది. మరి గీత ఎక్కడుంది? పోయినవాని తప్పిన నమాజులకు ధాన్యం లెక్కగట్టి తిప్పే ‘హీలా ఇస్ఖాత్’ ఆచారాన్ని చూసి లూథర్ ఏమనేవాడో ఊహించుకోవచ్చు. ఫలానా బుజుర్గు సిఫారసు ఉంది, మాకేమి భయమనుకునేవాడు క్రైస్తవుణ్ణి ఏ నోటితో ఆక్షేపిస్తాడు?

మరొక చోట వారికీ మనకూ ఒకే గాయం ఉంది. క్రైస్తవుల ఉజ్జీవ సభల్లో సాక్ష్యాలు విన్నాను. తాగేవాణ్ణి, భార్యను కొట్టేవాణ్ణి, ఇప్పుడు నా పాపాలు కడగబడ్డాయి అని ఒకడు కన్నీళ్ళతో చెబుతాడు. కన్నీళ్ళు నిజమైనవే. కానీ ఆ దెబ్బలు తిన్న మనిషిని వేదిక మీదికి ఎవరూ పిలవరు. హజ్ నుంచి తిరిగి వచ్చి, ఈరోజే పుట్టినంత నిర్మలంగా ఉన్నానని చెప్పుకుంటూ చెల్లెలి ఆస్తి వాటా కాగితాలు తీయని హాజీలను కూడా నేనెరుగుదును. దాసుల హక్కులు దాసులే విడిచిపెట్టాలన్నది మన ఉలమా నిర్ణయం. ఇమామ్ నవవీ తౌబాకు మూడు షరతులు చెప్పి, మనిషి హక్కు ఇమిడి ఉంటే దాన్ని తిరిగి అప్పగించడం నాలుగవదన్నారు. నమాజు, రోజా, జకాత్‌లతో వచ్చి కూడా, తిట్టినవారికీ కొట్టినవారికీ తన పుణ్యాలన్నీ పంచి దివాలా తీసే మనిషిని గురించి సహీహ్ ముస్లింలో హదీసు ఉంది. సువార్తల్లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్న తరువాతే ఈ యింటికి రక్షణ వచ్చిందన్న మాట వినబడుతుంది (లూకా 19). బలిపీఠం ముందు కానుక వదిలేసి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ఉంది. ఈ భాగాలను మాస్టారే నాకు తీసి చూపించారు. ఇవి మీ పుస్తకంలో ఎందుకు లేవని అడిగారు. మీ సభల్లో ఎందుకు వినబడవని నేనడిగాను. ఇద్దరం కాసేపు ఊరుకున్నాం.

చిత్తుప్రతిలో పదకొండు పుటలకు ఎర్రగీత పెట్టాను. అనువాదకునికి మూలాన్ని కత్తిరించే హక్కు లేదు కనుక, మూలరచయితకు ఉర్దూలో వివరంగా రాసి, ఆ పుటలు మార్చడానికి అనుమతి అడిగాను. రోమీయుల పత్రిక 6వ అధ్యాయం ఉర్దూ పాఠాన్ని కూడా జత చేశాను. జవాబు ఇంకా రాలేదు. ‘కఫ్ఫారా’ను మాత్రం ప్రస్తుతానికి కఫ్ఫారాగానే ఉంచాను.